రెండక్షరాల పేరుకి నాలుగక్షరాల ముద్దుపేరు: దీనికేమైనా లెక్క ఉందా?

వానచినుకు (ప్రశ్న)

పాప పేరు ఇరా, బాబు పేరు నీల్. ముద్దుపేరంటే పొడుగు పేరుని కురచ చేసేదని అందరూ అంటారు. వెంకటేశ్వర్లు వెంకీ అవుతాడు, సుబ్రహ్మణ్యం సుబ్బు అవుతాడు. ఈ రెండు పేర్లలో కొయ్యడానికేమీ లేదు. అయినా ఇంట్లో పెద్దవాళ్ళు ఊరికే ఇరా అని పిలవరు, చివర ఏదో ఒకటి తగిలిస్తారు. ఒకరు అమ్మ అంటారు, ఒకరు తల్లి అంటారు, ఇంకొకరు ఆడపిల్లకీ గాడు అనేస్తారు.

ఏ పేరుకి ఏది అతుకుతుందో పద్ధతి ఉంటే చెప్పండి. ఇద్దరికీ కలిపి బారసాల చేస్తున్నారు, బ్యానర్ మీద అసలు పేరు కింద ముద్దుపేరు కూడా వేయించాలి. బర్త్ సర్టిఫికెట్లలో పేర్లు ఇంకా ఎక్కించలేదు, అందులో ముద్దుపేరు కలపొచ్చా అన్నది కూడా తేలాలి.

తెనాలి_పలక

పద్ధతి ఉంది. ముందు పేరు ఏ అచ్చుతో ముగుస్తుందో చూడాలి, తగిలించే మాట దేనితో మొదలవుతుందో తర్వాత చూడాలి.

అమ్మ, అయ్య, అక్క, అన్న, అవ్వ అచ్చుతో మొదలవుతాయి కాబట్టి పేరు చివరి అచ్చుని మింగేస్తాయి. సీత + అమ్మ సీతమ్మ, శివ + అయ్య శివయ్య. ఇకారం కూడా పోతుంది: గౌరి + అమ్మ గౌరమ్మ, పార్వతి + అమ్మ పార్వతమ్మ. ఉకారం సరేసరి, బతుకు + అమ్మ బతుకమ్మ అయింది అలాగే. మీ పాప పేరు దీర్ఘంతో ముగుస్తోంది. తెలుగు నోరు ముందు దాన్ని పొట్టి చేసుకుని తర్వాత అతికిస్తుంది: ఇరా, ఇర, ఇరమ్మ. ఇరాఅమ్మ అని విడిగా రాస్తే చదివేవాళ్ళు అక్కడ ఆగిపోతారు.

ఒక్కచోట ఈ అమ్మ కుదరదు. ఉమ, రమ లాంటి పేర్లకి అమ్మ చేరిస్తే ఉమమ్మ, రమమ్మ అవుతాయి. వరసగా మకారాలు పడి పేరు నోట్లోనే ముద్దైపోతుంది, దూరం నుంచి వినేవాళ్ళకి ఉత్త అమ్మ అన్నట్టే ఉంటుంది. అందుకే ఆ పేర్లున్న ఇళ్ళలో ఉమక్క, ఉమతల్లి, ఉమాదేవి అనుకుంటారు.

హల్లుతో మొదలయ్యే తల్లి, తండ్రి, నాన్న, కొండ, బాబు, గాడు మాత్రం పేరుని ముట్టుకోవు. ఉన్న పేరు పక్కన ఉన్నట్టే నిలబడతాయి. నీల్ పొల్లుతో, అంటే అచ్చు లేని ల్ దగ్గర, ఆగింది గనక ఒక ఉకారం తెచ్చుకుంటుంది: నీలు. దానికి గాడు చేరిస్తే నీలుగాడు.

గురులఘువు

పై జవాబుకి కొనసాగింపు. సంధి ఎలా అతకాలో చెబుతుంది, చెవికి ఎందుకు నచ్చుతుందో మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే సమయపు కొలతలు, చెబుతాయి.

బుజ్జితల్లి, చిట్టితల్లి, బుజ్జికొండ, చిట్టినాన్న, బుజ్జిగాడు. వీటిని వేలి మీద లెక్కెయ్యండి. బు పక్కన జ్జి అనే ఒత్తక్షరం ఉంది కాబట్టి బు గురువు, రెండు మాత్రలు. జ్జి లఘువు, ఒకటి. త పక్కన ల్లి ఉంది కాబట్టి గురువు, చివరి ల్లి లఘువు. అంటే గురువు లఘువు, గురువు లఘువు. పైన చెప్పిన అయిదూ ఇదే తూకం, ఒక్కొక్కటి ఆరు మాత్రలు. ఛందస్సులో ఒక గురువు, ఒక లఘువు ఉన్న జంటని గలం అంటారు, హగణమూ ఇదే. రెండు గలాలు పక్కపక్కన పడితే ఉయ్యాల ఒకసారి అటు వెళ్ళి ఇటు వచ్చినట్టు ఉంటుంది. జోకొట్టే చెయ్యి కూడా ఈ తూకానికే పడుతుంది. బంగారుతల్లి, చిన్నారితల్లి ఇంకో రెండు మాత్రలు పెద్దవి. మొదట ఒక గురువు ఎక్కువ, తర్వాత అదే ఊపు.

ఇప్పుడు ఉమ, రవి, హరి లాంటివి చూడండి. రెండూ లఘువులే, మొత్తం రెండు మాత్రలు. పెరట్లో ఆడుకునే పిల్లకి వంటింట్లోంచి వినబడాలంటే రెండు మాత్రలు చాలవు. అందుకే పిలిచేటప్పుడు ఉమా, రవీ అని చివర సాగదీస్తాం. సాగదీసినా మూడే. రవిగాడు అంటే అయిదు మాత్రలు వస్తాయి: రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. ఇది తేటగీతి, ఆటవెలది పద్యాల్లో వచ్చే సలమనే ఇంద్రగణం. ఉమతల్లి కూడా అదే. మా అని దీర్ఘమిచ్చి ఉమాతల్లి అంటే లఘువు, గురువు, గురువు, లఘువు అయి నడక కుంటుతుంది. పాపకి కూడా ఇరాతల్లి కన్నా ఇరతల్లి బాగుంటుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. "ఇరా, రా" అని పిలిస్తే ఏ రా ఎక్కడ ఆగిందో పసిదానికి తెలియదు. "ఇరతల్లీ, రా" అంటే పేరు వేరు, పిలుపు వేరు.

గోదారిగట్టు

నీలుగాడు దగ్గర ఆగండి. లెక్కకి బాగానే ఉంది, కానీ తెలుగులో నీలుగు అనే క్రియ ఉంది. బిగుసుకుపోవడం, మిడిసిపడటం దాని అర్థాలు. తిట్టులో అయితే చచ్చాడని కూడా. నీలిగాడు, నీల్గాడు అన్నవి ఆ క్రియ రూపాలే. పసివాణ్ణి ఆ మాటతో పిలిస్తే మా వైపు ముసలివాళ్ళు తక్షణం నోరు మూయిస్తారు. నీలుబాబు అనండి. తూకం చెడదు, అదీ రెండు గలాలే.

ముద్దుపేరు కట్టాక పైకి నాలుగుసార్లు వేగంగా అని చూడాలి, దానికి "వచ్చాడు", "పోయింది" లాంటి క్రియ చేర్చి ఒకసారి అనాలి. చెడ్డ మాట దాక్కుని ఉంటే అక్కడ బయటపడుతుంది.

గాడు విషయం. ఇది ఎవరు అంటున్నారన్న దాన్ని బట్టి ముద్దో తిట్టో అవుతుంది. కన్నవాళ్ళు, తాతమ్మమ్మలు, మేనమామ, చిన్ననాటి నేస్తం అంటే ముద్దు. అదే మాట వయసులో చిన్నవాళ్ళో, పరిచయం లేనివాళ్ళో అంటే కొట్లాట. పిల్లాడికి పెళ్ళయ్యాక అత్తవారి ముందు ఇంట్లోవాళ్ళు కూడా మానేస్తారు. విభక్తి చేరితే గాడు కాస్తా గాడి అవుతుంది: బుజ్జిగాడికి, బుజ్జిగాడితో. పిలుపులో గా: ఒరేయ్ బుజ్జిగా.

ఆడపిల్లకి గాడు అనొచ్చా అంటే, అంటారు. చిన్నిగాడు, పండుగాడు అని ఆడపిల్లల్ని పిలిచే ఇళ్ళు బోలెడు. "ఏరా నాన్నా, తిన్నావా" అని కూతుర్ని అడగనిదెవరు? వ్యాకరణం ప్రకారం గాడుకి జంట "ది", కానీ ఉమది, గీతది అంటే చులకన అయిపోతుంది. ఆ ఖాళీలోకే గాడు వచ్చి చేరింది. క్రియ మాత్రం ఇంటింటికీ మారుతుంది. కొందరు "చిన్నిగాడు పడుకుంది" అంటారు, కొందరు "పడుకున్నాడు" అంటారు. మీ ఇంట్లో ఒక్కటే అలవాటు చెయ్యండి, అప్పుడే మాటలు నేర్చే పిల్ల తికమకపడదు.

పిల్లలకే కాదు, ఊరు ప్రేమిస్తే ఎవరి పేరైనా పెరుగుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ ఇక్కడ ఉత్త కాటన్ కాదు, కాటన్ దొర.

మానేరు_ఒడ్డు

తెలంగాణలో ముందు కోసి, తర్వాత పెంచుతారు. లక్ష్మి లచ్చి అయితది, లచ్చి లచ్చవ్వ అయితది. వేములవాడ రాజరాజేశ్వరుడు రాజన్న, కొమురవెల్లి మల్లికార్జునుడు మల్లన్న. దేవుడైనా సరే, పేరుకు చుట్టరికం కలిస్తెనే మనోడైతడు. నా లెక్కల పొడుగు ముద్దుపేరుల అసలు సంగతి ఇదే. అమ్మ, అవ్వ, అన్న, తల్లి, నాన్న అన్నీ వరసలే. పిల్లకు పేరొక్కటే ఇస్తలేము, ఇంట్ల పెద్దోళ్ళ వరస కూడా ఇస్తున్నం.

పాపకు ఇరవ్వ అనొచ్చు గని, అవ్వ అంటే ఇప్పటోళ్ళకు ముసలామె గుర్తుకొస్తది. బిడ్డ మంచిగుంటది: ఇరబిడ్డ. తూకం ఇరతల్లిదే.

రెండు వైపుల చుట్టాలుంటే ఒకటి యాదిల పెట్టుకోండి. ఉత్తరాంధ్రల గుంట అంటే పిల్ల, ప్రేమగనే అంటరు. ఇటు దిక్కు గుంట అంటే నేలల తవ్విన గొయ్యి, లేకుంటే భూమి కొలత, ఎకరానికి 40 గుంటలు. తెలియనోళ్ళు నొచ్చుకుంటరు.

మీసేవ_వరస

బర్త్ సర్టిఫికెట్‌లో ముద్దుపేరు కలపకండి. అక్కడ పడిన అక్షరాలే స్కూలుకీ, ఆధార్‌కీ, పాస్‌పోర్టుకీ వెళ్తాయి. పేరు లేకుండా జననం నమోదై ఉంటే 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంది. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. ఒక అవకాశం ముద్దుపేరు తీయించడానికే ఖర్చయితే పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఒక్కటే మిగులుతుంది.

పెద్దవాళ్ళ విషయంలో తరచూ వచ్చే చిక్కు ఇదే. ఓటరు కార్డులో బుజ్జమ్మ, పట్టాదారు పాసుపుస్తకంలో అసలు పేరు ఉంటాయి. ఇద్దరూ ఒక్కరేనని రుజువు చెయ్యడానికి అఫిడవిట్ అడుగుతారు. పాత దస్తావేజుల్లో రెండు పేర్ల మధ్య అలియాస్ అనో, @ గుర్తో కనిపించేది అందుకే.

బ్యానర్ సంగతి. నీల్ తర్వాత హల్లుతో మొదలయ్యే ఏ మాట కలిపి టైపు చేసినా పొల్లు పోయి కిందికి వత్తు దిగుతుంది. నీల్‌బాబు అని కొడితే నీల్బాబు అని పడుతుంది. నీల్‌గాడు అని కొడితే అచ్చంగా పైన చెప్పిన తిట్టే పడుతుంది. పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య జెడ్‌డబ్ల్యూఎన్‌జె అనే కనబడని అక్షరం ఉండాలి. చాలా ఫోన్ కీబోర్డుల్లో అది పైకి దొరకదు, సరిగ్గా ఉన్న నీల్‌బాబు ఇక్కడి నుంచే కాపీ చేసుకోండి. బ్యానర్ షాపుల్లో పాత ఫాంట్లకి మార్చేటప్పుడు అది మళ్ళీ ఎగిరిపోతుంది, ప్రింటుకి ముందు ప్రూఫ్ ఫొటో అడిగి లకారం మీద పొల్లు ఉందో లేదో చూడాలి. నీలుబాబు అని రాయిస్తే ఈ బాధే ఉండదు.

వానచినుకు

పాపకి ఇరతల్లి, బాబుకి నీలుబాబు ఖాయం చేశాం. సర్టిఫికెట్లలో ఇరా, నీల్ మాత్రమే. బ్యానర్ మీద అసలు పేర్లు పెద్ద అక్షరాల్లో, ముద్దుపేర్లు కింద చిన్నవిగా వేయిస్తున్నాం. గాడు జోలికి వెళ్ళడం లేదు. "ఏరా నాన్నా" మాత్రం ఇద్దరికీ ఉంటుంది.