ఫ్రీ గేమ్ లాంచర్ ఏసినంక పీసీ నిండ యాడ్లే, ఫార్మాట్ లేకుంట పోతదా?

ఓరుగల్లు_పోరడు:
అన్నలూ జర హెల్ప్ చేయుండ్రి. మా తమ్ముడు శాన్ ఆండ్రియాస్ ఫ్రీ డౌన్‌లోడ్ అని కొట్టి ఏదో సైట్ల గేమ్ లాంచర్ దించి ఇన్‌స్టాల్ చేసిండు, గేమ్ అయితే రాలే గానీ ఆ దినం నుంచి క్రోమ్ తెరిస్తే చాలు వేరే సెర్చ్ పేజీ వస్తుంది, కింద కుడిపక్క మూలకు "మీ పీసీల వైరస్‌లు ఉన్నయ్, ఎంటనే క్లీన్ చేయుండ్రి" అని ఒకటెంక ఒకటి డబ్బాలు లేస్తున్నయ్. లాంచర్ తీసేసిన, రీస్టార్ట్ కొడితే మళ్ల గదే. విండోస్ 10. హన్మకొండ చౌరస్తా కాడ షాపుల ఫార్మాటే కొట్టాలె అంటున్నరు, మా అక్క డిగ్రీ ప్రాజెక్ట్ మొత్తం అండ్లనే ఉన్నది.

కాజీపేట_జంక్షన్:
తమ్మి ఫార్మాట్ అక్కర్లే. ముందుగాల ఆ డబ్బాల మీద క్లీన్ బటన్ అస్సలు నొక్కకు, పైసలు అడిగితే కట్టకు. అది నీ పీసీని చూసి చెప్తలేదు, ఏదో సైట్ పంపే నోటిఫికేషన్, డౌన్‌లోడ్ కాడ "అలౌ" అంటే కొట్టి ఉంటడు. క్రోమ్ సెట్టింగ్స్‌ల ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ కు పోయి తెల్వని సైట్లు అన్నీ తీసెయ్, సగం లొల్లి ఆడ్నే పోతది.

ఇంకోటి, లాంచర్ ఒక్కటే రాదు. ఇసొంటి సెటప్‌ల నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పోతే దాంతోని ఇంకొన్ని ఎక్కుతయ్, ఎక్కిచ్చినోనికి ఒక్కో పీసీకి ఇంత అని పైసలు ముడుతయ్, గేమ్ రాకున్నా వానికి ఫికర్ లేదు. యాప్స్ లిస్టును ఇన్‌స్టాల్ డేట్ ప్రకారం పెట్టు, లాంచర్ ఎక్కిన దినం నాడు ఎక్కినయ్ అన్నీ కనవడ్తయ్.

నైంనగర్_పీసీ:
రీస్టార్ట్ అయినంక తిరిగొస్తుందంటే టాస్క్ షెడ్యూలర్ల (టైమ్‌కు ప్రోగ్రామ్‌లు దానంతటదే నడిపే విండోస్ టూల్) ఏదో కూసున్నట్టు. లాగిన్ అయినప్పుడల్లా నడిచేటట్టు టాస్క్ పెడ్తయ్ ఇవి, అందుకే లాంచర్ తీసేసినా పోలే. అండ్ల టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ తెరిచి ఒక్కో టాస్క్ యాక్షన్స్ చూడు, యాప్‌డేటా (ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లు పెట్టుకునే) ఫోల్డర్ల అర్థంకాని అక్షరాల పేరుతోని ఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైల్) గానీ, పవర్‌షెల్ (విండోస్ కమాండ్లు నడిపేది) తోని పొడుగు లైన్ గానీ ఉంటే దాని మీద అనుమానం పెట్టుకో. వన్‌డ్రైవ్ గూడ యాప్‌డేటాలనే ఉంటది, దాన్ని ముట్టకు.

తర్వాత యాడ్‌డబ్ల్యూక్లీనర్ నడుపు, ఇసొంటి యాడ్ల ప్రోగ్రామ్‌లను ఏరి తీసేసే టూల్ అది. ఫ్రీ, ఇన్‌స్టాల్ గూడ అక్కర్లే, 2016ల మాల్వేర్‌బైట్స్ వాళ్ళు కొన్నరు దాన్ని. వాళ్ళ సైట్ నుంచే దించుకో, గూగుల్ల పైన "స్పాన్సర్డ్" అని వచ్చే లింక్ తెరవకు, ఆ పేరుతోని గూడ దొంగ సెటప్‌లు పెడ్తరు. ఆఖరుకు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ల ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టు, అది విండోస్ లేవకముందే చూస్తది కాబట్టి దాసుకున్నయ్ దొరుకుతయ్.

ఓరుగల్లు_పోరడు:
డబ్బాలు బంద్ అయినయ్ అన్నా! టాస్క్ గూడ దొరికింది, తీసేసిన. కానీ క్రోమ్‌ల ఒక ఎక్స్‌టెన్షన్‌కు రిమూవ్ బటనే లేదు, మెనూ కింద "మీ ఆర్గనైజేషన్ మేనేజ్ చేస్తుంది" అని ఉన్నది. మాది ఇంట్ల పీసీ గద, ఆర్గనైజేషన్ ఏడికెళ్లి వచ్చింది?

నైంనగర్_పీసీ:
ఆఫీసు పీసీలకు వాడే పాలసీని అది నీ దాంట్ల రాసుకున్నది. రెజిస్ట్రీ ఎడిటర్ల (విండోస్ లోపలి సెట్టింగ్స్ మార్చే టూల్) హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు పో. ముందు ఆ క్రోమ్ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ కొట్టి బ్యాకప్ పెట్టుకో, లోపట "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్" ఉంటే డిలీట్ చెయ్. హెచ్‌కీ కరెంట్ యూజర్ల గూడ అదే దారిల చూడు. క్రోమ్ బంద్ చేసి తెరువు, రిమూవ్ బటన్ వస్తది. కాలేజీ, ఆఫీసు పీసీల మటుకు ఈ పని చేయకు.

కాజీపేట_జంక్షన్:
తమ్మి ఇదొక్కటి మర్వకు, ఇసొంటి సెటప్‌ల పాస్‌వర్డ్‌లు గుంజేటియి గూడ ఉంటయ్. క్రోమ్‌ల సేవ్ ఉన్న జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు అన్నీ ఇయ్యాల్నే ఫోన్ల నుంచి మార్చు, ఆ పీసీల నుంచి కాదు. జీమెయిల్‌ల తెల్వని డివైస్ ఉంటే సైన్ అవుట్ కొట్టు. అకౌంట్ల నుంచి రూపాయి పోయినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గడియల్నే ఫోన్ చెయ్, తెల్లారేదాక ఆగకు.