పేట్రియార్కీకి ‘పురుషాధిక్యత’ సరిపోతుందా? అనువాదకులు చెప్పండి

రాడికల్ స్త్రీవాదంపై డిగ్రీ పిల్లలకు రెండు పేజీల పాఠం తెలుగులో తయారవుతోంది. మాటల దగ్గరే చిక్కు.

1970లో అమెరికన్ స్త్రీవాద రచయిత్రి కేట్ మిల్లెట్ పేట్రియార్కీకి రెండు సూత్రాలు చెప్పారు: ఆడవాళ్ల మీద మగవాళ్ల పెత్తనం, వయసులో చిన్న మగవాళ్ల మీద పెద్ద మగవాళ్ల పెత్తనం. ‘పురుషాధిక్యత’ అంటే రెండోది జారిపోతుంది. పైగా అమెరికా రాడికల్ స్త్రీవాద బృందం రెడ్‌స్టాకింగ్స్ 1969 ప్రకటనలోని ‘మేల్ సుప్రిమసీ’కి ఆ మాటే కావాలి. ‘పితృస్వామ్యం’ అంటే పిల్లలకు ఇంటిపేరు, ఆస్తి తడతాయి. వంటగది చాకిరీ, పడకగదిలో బలవంతం తట్టవు. రాడికల్ స్త్రీవాదుల అసలు వాదన అక్కడే కదా!

‘రాడికల్’ ఇంకా కష్టం. మూలానికి వెళ్లడం అని దాని అర్థం. ‘తీవ్రవాద’ అంటే తుపాకీ గుర్తొస్తుంది, ‘రాడికల్’ అనే ఉంచితే 1970ల రాడికల్ విద్యార్థి సంఘం గుర్తొస్తుంది.

క్లాసులో ఏ మాటలు నిలబడ్డాయి? ఒక్క వాక్యం ఉదాహరణతో చెప్పగలరా?