పార్లమెంటులో ప్రశ్నలు అడిగే ఎంపీ వల్ల ప్రభుత్వానికి నిజంగా సెగ తగులుతుందా?

రమణి_ల
కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ గురించి చదువుతున్నాను. ఎల్ఐసీ సొమ్ము దాదాపు 1.24 కోట్ల రూపాయలు వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎందుకు పెట్టారని 1957 డిసెంబరులో లోక్‌సభలో సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశారు. అప్పటి ప్రధాని ఆయన మామగారే. ఛాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ జరిపింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇప్పుడు అలాంటి ఎంపీ అధికార పక్షంలో ఒక్కరైనా కనిపిస్తారా? లేక పాత రోజులు కాబట్టి మనకి గొప్పగా అనిపిస్తోందా?

కరణంగారు
కనిపించరు. తప్పు మనుషులది కాదు, చట్టానిది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. విప్‌కి, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగుకి రాకపోయినా సభ్యత్వం పోతుంది. పార్టీ టికెట్ మీద గెలిచినవాడు పార్టీ గీసిన గీత దాటడు. ఆ రోజుల్లో ఈ భయం లేదు, అందుకే ఫిరోజ్ గాంధీ అంత నిబ్బరంగా మాట్లాడగలిగారు.

సూర్య_77
విప్ ఆ రోజుల్లోనూ ఉంది సార్.

కరణంగారు
ఉంది. అనర్హత లేదు. నేను చెప్పింది అదే.

సూర్య_77
మీరే రాశారు, ఓటేసినా, ఓటింగుకి రాకపోయినా అని. ముంద్రా వ్యవహారంలో ఆయన ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారా? లేదే! మాట్లాడారు. మంత్రికీ కార్యదర్శికీ మధ్య నడిచిన రహస్య ఉత్తరాలు సంపాదించి సభలో చదివారు. మాట్లాడితే పదవి పోతుందని పదో షెడ్యూల్లో ఎక్కడుంది? చూపించండి.

కరణంగారు
అదే షెడ్యూల్లో 2(1)(ఎ) చూడండి. ‘స్వచ్ఛందంగా పార్టీ సభ్యత్వం వదులుకోవడం’. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా, నడవడికను బట్టి వదులుకున్నట్టే అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. ఇక మాట్లాడాలంటే ఎవడికి గుండె ఉంటుంది?

సూర్య_77
సభలో మంత్రిని ఓ ప్రశ్న అడగడం పార్టీని వదిలేసినట్టా? లాగి లాగి ఎక్కడికి తీసుకెళ్తున్నారండీ!

పాత_కాపు
సుందరయ్యగారు సైకిలు మీద పార్లమెంటుకి వెళ్లేవారట. అలాంటివాళ్లు ఇప్పుడేరీ?

సూర్య_77
సైకిలుకీ 52వ సవరణకీ సంబంధమేంటన్నా?

వేణు_ఎలక్ట్రీషియన్
మీ సవరణలు నాకు తెలియవు గానీ ఒక సంగతి చెప్తాను. మా నాన్న ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) కింద పింఛను. కనీస పింఛను 1000 రూపాయలు అని 2014 సెప్టెంబరులో పెట్టారు. దాన్ని పెంచమని ఏళ్ల తరబడి ఎవరో ఒక ఎంపీ సభలో అడుగుతూనే ఉన్నారు. అడిగిన వీడియో మా వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, మా నాన్న చూస్తాడు, ‘గట్టిగా అడిగాడ్రా’ అంటాడు. పింఛను మాత్రం అదే 1000. ఇదేనా సెగ?

కరణంగారు
తమ్ముడూ, వ్యక్తిగత సమస్యలు వేరు. ఇక్కడ చర్చ పార్లమెంటరీ సంప్రదాయాల గురించి. లోక్‌సభలో రోజుకి 20 స్టార్ ప్రశ్నలు, అంటే మంత్రి నోటితో జవాబివ్వాల్సినవి. గంటలో వాటిలో సగం కూడా నోటిదాకా రావు. మిగిలినవాటికి రాతపూర్వక జవాబే. అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు దొరుకుతాయి, మంత్రిని ఇరుకున పెట్టాలంటే అక్కడే. అది ఓర్పుతో చూడాల్సిన పని.

వేణు_ఎలక్ట్రీషియన్
వ్యక్తిగతమా? లక్షలమంది తీసుకునే పింఛనండి అది. మీకు పింఛను ఎంతో గానీ, ఓర్పు గురించి మాకు చెప్పకండి. ఆ జవాబులు నేనూ చదివాను. నిధిలో లోటు ఉంది, ప్రభుత్వం తన వంతు జీతంలో 1.16 శాతం ఇస్తోంది. అంతే. ఎప్పుడు అడిగినా అదే మాట. ఎంపీ అడిగాడు, మంత్రి చదివాడు, ఇద్దరి పనీ అయిపోయింది.

కరణంగారు
నా పింఛను ప్రస్తావన అనవసరం. మర్యాదగా మాట్లాడితే జవాబిస్తాను.

రమణి_ల
ఇద్దరూ కాస్త తగ్గండి. వేణుగారు అడిగింది సూటిగా ఉంది కదా, దానికి చెప్పండి కరణంగారూ.

కరణంగారు
చెప్తాను. ‘పరిశీలనలో ఉంది’ అని మంత్రి అంటే అది సభకి ఇచ్చిన హామీ కిందే లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారో లేదో చూడ్డానికి హామీల కమిటీ ఉంది. దారి లేక కాదు.

వేణు_ఎలక్ట్రీషియన్
అందుకేగా ఆ మాట అనకుండా ‘లోటు ఉంది’ అని ఊరుకుంటున్నారు! హామీ లేదు కాబట్టి కమిటీ లేదు. ఒకవేళ హామీ ఇచ్చినా గడువు పొడిగించమని అడగొచ్చు. మరి ప్రశ్న అడిగిన ఎంపీ బడ్జెట్ పద్దులప్పుడు ఏం చేశాడు? 2018 మార్చిలో శాఖల పద్దులన్నీ చర్చ లేకుండా గిలెటిన్‌తో, అంటే అన్నీ కలిపి ఒకేసారి ఓటుకి పెట్టి పాస్ చేసేశారు. డబ్బు ఇచ్చేది అక్కడ. అక్కడ అడ్డుపడనివాడు ప్రశ్నోత్తరాల్లో అరిచి ఏం లాభం?

సూర్య_77
వేణన్న చెప్పింది నిజం. 1958లో రాజీనామా చేసిన కృష్ణమాచారే 1963లో మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు, అది కూడా రాయండి రమణిగారూ.

కరణంగారు
అయితే ఏంటి? ముంద్రా జైలుకి వెళ్లాడు. ప్రజల సొమ్ము ఎలా కదిలిందో దేశమంతా తెలుసుకుంది. సభలో ప్రశ్న పని అదే, దాచినదాన్ని రికార్డులోకి లాగడం. ఎంపీ మంత్రి కాదు, పింఛను పెంచే అధికారం అతనికి లేదు. పని చేయించి పెట్టేవాడే మంచి ఎంపీ అని మీరనుకుంటున్నారు. నేననుకోవడం లేదు. అసలు తేడా అక్కడుంది, విప్‌లో కాదు.

వేణు_ఎలక్ట్రీషియన్
ఇప్పుడు దారికొచ్చారు. ముంద్రా విషయంలో దాచింది ఉంది, బయటికి లాగారు. మా విషయంలో దాచిందేముంది? 1000 అని అందరికీ తెలుసు, చాలదని మంత్రికీ తెలుసు. తెలిసిందే మళ్లీ అడిగి రికార్డు చేసుకుంటే ఎవరికి సెగ?

పాత_కాపు
ఆ ఎంపీది ఏ పార్టీ?

వేణు_ఎలక్ట్రీషియన్
ఒకరు కాదు, అన్ని పార్టీలవాళ్లూ అడిగారు.

కరణంగారు
అన్ని పార్టీలూ అడిగాయంటే పద్దుల రోజున కోత తీర్మానం (శాఖ అడిగిన డబ్బు తగ్గించాలనే తీర్మానం) పెట్టి ఓటింగుకి పట్టుబట్టాల్సింది. దాన్ని ఒప్పుకుంటాను. కానీ అధికార పక్షం ఎంపీ దానికి ఓటేస్తే ఏమవుతుందో పైన రాశాను, మళ్లీ చదవండి.

సూర్య_77
మళ్లీ 1985కే వచ్చారు!