నల్లిబాధా, నల్లిపోటా? ('ఉకులేలే'లో ఎగిరే పురుగు గురించి)

తుంగభద్ర:
శివుడు కొండ మీద పడుకున్నా, విష్ణువు పాము మీద పడుకున్నా నల్లుల వల్లే అని నవ్వించే "శివుడద్రిని శయనించుట" కందం చివరి పాదం "నల్లిబాధ పడలేక సుమీ" అనా, "నల్లిపోటు పడలేక సుమీ" అనా? రెండూ చెవిలో మోగుతున్నాయి. పాత హాలీవుడ్ సినిమాల్లో ఉకులేలే (గిటారు లాంటి చిన్న నాలుగు తీగల వాద్యం) వాయించే దృశ్యాలకు తెలుగులో వ్యాఖ్యలు రాస్తుంటే ఈ చిక్కు వచ్చింది. 'సమ్ లైక్ ఇట్ హాట్' (1959) రైలు పెట్టెలో మార్లిన్ మన్రో, 'బ్లూ హవాయి' (1961)లో ఎల్విస్ ప్రెస్లీ, 1929 నాటి క్లిఫ్ ఎడ్వర్డ్స్ అందులో ఉన్నారు. వాద్యం పేరుకి హవాయి భాషలో అర్థం 'ఎగిరే ఉకు'. ఈ 'ఉకు'ని నల్లి అనవచ్చా?

సగణం:
"నల్లిబాధ" అనే వాడుక. ఛందస్సు తేల్చదు. మూడో గణం 'లిబాధ' జగణం, 'లిపోటు' కూడా జగణమే. 'పేనుబాధ' అన్నా గణం చెడదు. యతి ప-ప, దానికీ ఢోకా లేదు. సంస్కృతంలో దీని జోడు శ్లోకం "మన్యే మత్కుణశంకయా" అని ముగుస్తుంది. అక్కడున్నది శంక, నల్లి ఉందేమోనన్న అనుమానం. మన కందం దాన్ని అనుభవంలోకి దించి బాధ చేసింది. పోటు అంటే ఆ సొగసు పోతుంది.

మిన్నేరు:
ఇది శ్రీనాథుడి చాటువు కదా.

సగణం:
కాదు మిన్నేరు గారూ. నవ్వు పుట్టించే కందం కనబడగానే శ్రీనాథుడికి కట్టబెట్టడం మనకు అలవాటైపోయింది. "రసికుడు పోవడు పల్నా డెసగంగా" నడక వేరు. ఆయన పేరున నిలిచిన ఆ పద్యంలో ఊరి తిండీ ఊరి పనీ కనిపిస్తాయి. "కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్" అన్నప్పుడు మన్మథుడి ముందు కంచం పెట్టినట్టే ఉంటుంది. నల్లి పద్యంలో ఊరు లేదు, చమత్కారం ఒక్కటే ఉంది.

ఈర్పెన:
తుంగభద్ర గారి రెండో ప్రశ్న గాలికి పోయింది. నల్లి కుదరదు, నల్లి ఎగరదు. మంచం కోళ్ళ సందుల్లో దాక్కుంటుంది. గోమారి కుక్క చెవిని పట్టుకుని వేలాడుతుంది, గెంతదు. పేను పాకుతుంది. అయినా పేనే సరైనది. ఎందుకంటే హవాయి భాషలో 'ʻఉకు' అంటే మొదట పేనే. గెంతే పురుగుకి వాళ్ళు 'లెలె' చేర్చి 'ఎగిరే పేను' అన్నారు. ఈ 'లెలె' మన 'ఎగురు'కి అచ్చంగా సరిపోతుంది. పక్షి ఎగిరినా, పిల్లాడు ఎగిరి గంతేసినా మనకి ఒకే క్రియ. వాళ్ళకీ అంతే.

బిరడ:
ముందు ఆ 'ఉ' సంగతి తేల్చాలి. హవాయి మాటకు మొదట్లో ఒక కంఠ్య విరామం ఉంది. గొంతు క్షణం మూసి వదిలితే వచ్చే హల్లు అది. వాళ్ళ లిపిలో దానికి 'ఓకినా' అనే గుర్తు ఉంది, మన లిపిలో లేదు. ఆ విరామం ఉంటే 'ఉకు' పేను. లేకపోతే 'ఉకు' అంటే చెల్లింపు, బహుమానం. రాణి లిలియొకలాని చెప్పిన 'ఇక్కడికి వచ్చిన కానుక' అన్న అర్థం ఈ రెండో దాని మీద నిలుస్తుంది. 1879 ఆగస్టులో మదీరా నుంచి రేవెన్స్‌క్రాగ్ ఓడ హొనొలులు చేరింది. అందులో వచ్చిన పోర్చుగీసు వడ్రంగుల 'మషెటె' వాద్యమే దీనికి తల్లి. చరిత్ర ప్రకారం చూస్తే కానుక అర్థమే అందంగా ఉంది.

ఈర్పెన:
అందంగా ఉంది గానీ, పలుకుబడిలో ఆ విరామం నిలిచే ఉంది కదా బిరడ గారూ. నిఘంటువులు పేను వైపే ఉన్నాయి. కలాకౌవా రాజు కొలువులో ఎడ్వర్డ్ పర్విస్ అనే పొట్టి, చురుకైన ఆంగ్లేయుడు ఉండేవాడు. 'ఎగిరే పేను' అన్న ఆయన ముద్దుపేరే వాద్యానికి అంటుకుందని పుకుయి, ఎల్బర్ట్‌ల నిఘంటువు మొగ్గు చూపుతుంది.

మిన్నేరు:
'యుకులేలే' అని రాసేవాళ్ళకి ఎవరైనా చెప్పండి. ఆ 'యు' ఇంగ్లీషు నోటి గుండా వచ్చింది. తెలుగు నోరు ఉ, ఒ ముందు వకారం తెస్తుంది (వొక, వొళ్ళు), యకారం కాదు.

బిరడ:
ఒప్పుకుంటాను. దీర్ఘాలూ తప్పే. హవాయిలో నాలుగూ హ్రస్వాలు, ఊనిక మాత్రం మూడో అక్షరం మీద. 'ఉకులెలె' అనాలి.

సగణం:
అయితే అది నలం! నాలుగు తీగలకు నాలుగు లఘువులు. కందంలో ఆరో గణానికి పనికొస్తుంది.

సరళి:
శ్రుతి దగ్గరా నాలుగు అక్షరాలే. ఇంగ్లీషు వాళ్ళు తీగలు సరిచూసుకోవడానికి 'నా కుక్కకి పేలు' అనే అర్థం వచ్చే నాలుగు మాటలు పాడతారు, అక్కడా పేనే! మనకి ఆ మాటలు అక్కర్లేదు. తీగలు జి, సి, ఇ, ఎ. సి ని షడ్జం చేసుకుంటే ప, స, గ, ద. అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం. మోహనలో రిషభం తీసేసినట్టు. "పస గద!" అని పాడితే మాటా అదే, స్వరమూ అదే.

కట్టే క్రమం మాత్రం పాడే క్రమం కాదు. ముందు మూడో తీగ (స) నిలపాలి. దాని నాలుగో మెట్టు మీద నొక్కితే గ వస్తుంది, రెండో తీగ దానికి కలపాలి. ఆ గ తీగ మూడో మెట్టు ప, ఐదో మెట్టు ద. చివరికి ప తీగ రెండో మెట్టు నొక్కి ద తీగతో పోల్చాలి. తేడా ఉంటే ప, ద కలిపిన దగ్గరే తప్పు జరిగినట్టు, మళ్ళీ అక్కణ్ణుంచి మొదలు. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి, శ్రుతి నిలవలేదని బిరడలను తిట్టుకోకూడదు. ఉక్కు తీగలు కడితే ఆ లాగుడుకి గుర్రం (బొజ్జ మీద తీగలను మోసే బ్రిడ్జి) ఊడి వస్తుంది.

మిన్నేరు:
'గద' అన్నారు. ధైవతం 'ధ' కదా. మహాప్రాణం పోతే స్వరాక్షరం ఎలా అవుతుంది?

సరళి:
దీక్షితుల వారి భూపాల కృతి "సదాచలేశ్వరం" ఎత్తుగడ చూడండి. 'సదా' దగ్గర స, ద స్వరాలే పలుకుతాయి. సాహిత్యంలో ఉన్నది అల్పప్రాణమే. దీక్షితుల వారికి చెల్లింది 'పస గద'కి చెల్లదా? ఆయన స్వరాక్షరం వేస్తే అది అతుకులా కనబడదు. అర్థం ముందు నడుస్తుంది, స్వరం దాని నీడలా వస్తుంది.

మిన్నేరు:
'సదా'లో దీర్ఘం ఉంది. అది ధైవతాన్ని మోస్తుంది. 'గద'లో ద తేలిపోతుంది. 'గదా' అనండి, ఒప్పుకుంటాను.

సగణం:
'గదా' అంటే నలం చెడి నగమవుతుంది, కందంలో ఇమడదు. హ్రస్వమే ఉంచుదాం.

పసగద నాలుగు తంతుల
కొసరుచు మునివేళ్ళ దువ్వ గునియుచుఁ బలుకున్
మిసమిస వెలుఁగుల తెరపై
రుసరుస లెఱుఁగని యుకులెలె రొద మధురంబౌ

మిన్నేరు:
'యుకులెలె' అన్నారే!

సగణం:
అది యడాగమం. ఎఱుఁగని మీద ఉకారం వస్తే సంధి లేనిచోట యకారం వచ్చి తీరుతుంది. ఇంగ్లీషు 'యు' కాదు.

బిరడ:
'దువ్వ' బాగా పడింది. 'మీటు' ఒక తీగకి సరిపోతుంది, వీణకి సరిపోతుంది. ఇక్కడ చూపుడువేలు గోరు నాలుగు తీగల మీదుగా కిందికి దిగి, వేలి కండ పైకి వస్తుంది. చోటు కూడా రంధ్రం మీద కాదు, మెడ బొజ్జని కలిసే దగ్గర. మణికట్టు తిరగాలి, మోచెయ్యి కదిలితే లయ బరువెక్కుతుంది. ప తీగ పై స్థాయిలో ఉంది కాబట్టి కిందికి దువ్వినా పైకి దువ్వినా రెండు అంచుల్లోనూ ఎత్తు స్వరమే మోగుతుంది. ప ని మంద్రంలో కడితే ఆ మెరుపు పోతుంది.

జార్జ్ ఫార్మ్‌బీ దువ్వడం ఇంకో రకం. ఈ ఇంగ్లీషు హాస్యగాయకుడిది బాంజో ఉకులెలె, బొజ్జకి చెక్క బదులు డప్పులా బిగించిన తోలు ఉంటుంది. దువ్వు మధ్యలో అంచు తీగలను విడివిడిగా తగిలించి లయను చీలుస్తాడు. శ్రుతి మార్చాల్సి వస్తే బిరడలు తిప్పేవాడు కాదు, వేర్వేరు శ్రుతుల్లో కట్టిన వాద్యాలు వెంట ఉంచుకునేవాడు.

ఈర్పెన:
నాలుగు తీగల్ని దువ్వడం సరే. పేనున్న చోట దువ్వెన ఉండాల్సిందే, తెలుగులో దానికి ఈర్పెన అనే ప్రత్యేకమైన మాట కూడా ఉంది. 'రొద' కూడా నిలపండి, తుమ్మెదకి వాడేదే కదా. క్లిఫ్ ఎడ్వర్డ్స్ తెరపేరు 'ఉకులెలె ఐక్'. 1929 సినిమాలో వాన పాట పాడిన ఆయనే 1940లో 'పినోకియో'లో కీచురాయికి గొంతు ఇచ్చారు. పురుగు ఆయన్ని వదల్లేదు.

సరళి:
తుంగభద్ర గారూ, ఆ పాత దృశ్యాలతో కలిపి వాయించి చూసేవాళ్ళ కోసం వ్యాఖ్యలో ఒక మాట చేర్చండి. 1920, 30లలో అచ్చయిన పాటల పుస్తకాల్లో ఎ, డి, ఎఫ్ షార్ప్, బి శ్రుతే ఎక్కువ. ఇవాళ్టి కట్టుబడికన్నా రెండు మెట్లు పైన. రెండో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒక్కచోట నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే చాలా పాటలు కలుస్తాయి. షడ్జం మారుతుంది గానీ ప స గ ద మారదు.

తుంగభద్ర:
చేరుస్తాను. వ్యాఖ్యలో 'ఎగిరే పేను' అనే రాస్తున్నాను, 'ఉకులెలె' అని హ్రస్వాలతో. నల్లిపోటు మాత్రం ఇంకా చెవిలోంచి పోవడం లేదు. ఆ పాఠాంతరం ఎవరికైనా అచ్చులో కనబడిందా?

మిన్నేరు:
అచ్చులో చూడలేదు. 'గదా' సంగతి మాత్రం నేను వదలను, సరళి గారూ.