వీవీప్యాట్ చీటీలన్నీ ఎందుకు లెక్కపెట్టరు?

ప్రశ్న (హన్మకొండ): ఓటేసినప్పుడు వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే మిషన్) అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడి డబ్బాలో పడింది, బాగానే ఉంది, మరి ఆ చీటీలన్నీ ఎందుకు లెక్కపెట్టరు? మా బాపు అయితే బ్యాలెట్ పేపరే నయమంటడు.

జవాబు: అసెంబ్లీ సెగ్మెంట్‌కు 5 పోలింగ్ కేంద్రాలవే లాటరీ తీసి లెక్కిస్తారు. 2019కి ముందు ఒక్కటే. మొత్తం లెక్కించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది.

జవాబు: నేను అభ్యర్థి తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నా అన్నా. పొద్దున మాక్ పోల్‌లో (అసలు పోలింగ్‌కు ముందు పరీక్షగా) కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి తుడిచేస్తారు, సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సి మీద రాసిస్తారు, ఆ కాగితం దాచుకుని కౌంటింగ్ రోజు సరిచూసుకోవాలి. మా దగ్గర కొందరు బిర్యానీ పొట్లం పట్టుకుని ఆ కాగితాన్ని అక్కడే వదిలేశారు, తర్వాత మిషన్ మీద ఏడుపు!

జవాబు: బాపుకు 2019 నిజామాబాద్ ఎంపీ ఎన్నిక గుర్తుచెయ్యి. 185 మంది అభ్యర్థులు, ఎక్కువగా రైతులే. అంత బ్యాలెట్ పేపర్ మడతపెట్టేదెట్ల?

ప్రశ్న అడిగింది నేనే: 17సి సంగతి తెల్వదు. ఈసారి మా బూత్ ఏజెంటును అడుగుత.