రెండెకరాల్లో గాడిదల ఫామ్ పెట్టొచ్చా?

మెట్టపొలం:
మాది అనంతపురం జిల్లా. రెండెకరాలు, ఒక బోరు, ఏప్రిల్ వస్తే దాని మీదా ఆశ లేదు. వేరుశనగ వరసగా ముంచింది. గుజరాత్ నుంచి పది హలారి గాడిదలు తెచ్చి పాల ఫామ్ పెడదామని మా బావమరిది ఒకటే పోరు. 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుధన మిషన్‌లో గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదల్ని కూడా కలిపారు, 50 శాతం సబ్సిడీ, 50 లక్షల దాకా ఇస్తారు అంటున్నాడు. నాకైతే రెండు నాటు గాడిదలు చాలనిపిస్తోంది. ఎరువు మోస్తాయి, పిల్లలకీ సరదా. ఏమంటారు?

ఒకసారి కాలినోడు:
ఫామ్ మాత్రం వద్దన్నా. నేను ఎనిమిది కొన్నా. పాలన్నీ మేమే తీసుకుంటామని ఒక కంపెనీ అగ్రిమెంటు రాసిచ్చింది. మూడు నెలలు డబ్బులు వేశారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఫ్రీజర్ నిండా పాలు, నెలనెలా కరెంటు బిల్లు, ఇంట్లో టెన్షన్.

మీ బావమరిదిని ఈ లెక్క అడుగు. గాడిద చూలు ఏడాది. ఈతకి ఒక్కటే పిల్ల. ఈనాక ఆరేడు నెలలు పాలు, అదీ రోజుకి అర లీటరు, మహా అయితే లీటరు. పిల్ల పక్కన లేకపోతే చేపదు, దానికీ వదలాలి. పది ఉన్నాయంటే పదీ ఒకేసారి పాలివ్వవు. లీటరు వేలల్లో అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు కొనేదెవరో చెప్పరు. బళ్లో చదివిన ఖరము పాల పద్యం నాకు అప్పుడు గుర్తు రాలేదు.

చెరువుగట్టు:
మరీ అంత భయపెట్టకండి. మా తాతకి సెంటు భూమి లేదు, ఆరు గాడిదలుండేవి. బట్టల మూటలు మోసేవి, గట్టు మీద మేసేవి. ఆస్పత్రి మొహం చూడలేదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3.2 లక్షలున్న గాడిదలు 2019కి 1.2 లక్షలయ్యాయి. గుంటూరు, ప్రకాశం వైపు మాంసానికి కోస్తున్నారు. తినే జంతువుల జాబితాలో గాడిద లేదు, ఆ మాంసం అమ్మడం నేరం, అయినా ఆగట్లేదు. రైతులు కూడా వద్దంటే ఇంకెవరు పెంచుతారు?

పాత కాంపౌండర్:
తాతగారి గాడిదలు ఆస్పత్రికి ఎందుకు రాలేదో నేను చెప్తా. రోజూ రాళ్ల దారిలో మైళ్లకి మైళ్లు నడిచేవి, గిట్టలు వాటంతటవే అరిగేవి. కంచెలో కట్టేస్తే అరగవు. చెప్పు మొనలా ముందుకి పెరిగి, పైకి వంకర తిరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. ఎడ్లకి లాడాలు కొట్టేవాళ్లే కనబడని ఊళ్లో ఆ పని చేసేదెవరు? వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. మీకూ తప్పదు, నేర్చుకోండి.

ఇంకో తప్పు, ముద్దుతో మేపడం. అది ఎండు నేలల జంతువు. జొన్న చొప్ప, వరిగడ్డి చాలు. బాగుపడుతుందని పచ్చిమేత, దాణా దండిగా పెడితే బలిసి గిట్టల్లో వాపు వస్తుంది, అడుగు తీసి అడుగు వేయలేదు. బలిసిన గాడిద మేత మానేస్తే రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. నొప్పి బయటికి చూపించదు. మూలన నిలబడి మేత ముట్టలేదంటే అప్పటికే ముదిరినట్టు.

నా మాటైతే రెండు గాడిదలే చాలు. ఒంటరిగా ఒకటి మాత్రం వద్దు, బెంగ పెట్టుకుంటుంది. ధనుర్వాతం టీకా మర్చిపోకండి.

చెరువుగట్టు:
గిట్టల సంగతి నిజమే, నేను ఆలోచించలేదు. అయితే రోజూ పని చెప్పండి, ఉత్తినే కట్టేయకండి.

మెట్టపొలం:
రెండు ఆడవే తెస్తా. బావమరిదికి పాల లెక్క పంపాను, చూశాడు, జవాబు లేదు. తెల్లారుజామున ఓండ్ర పెడితే పక్కింటివాళ్లతో గొడవ రాకుండా పాక ఎటు వేయాలి?

ఒకసారి కాలినోడు:
ఎటు వేసినా వినబడుతుందన్నా. వాళ్ల పెరటికి నాలుగు గంపల ఎరువు ముందే పంపు.