గంగ పాత ఫొటో ప్రింట్ 1870కి ముందుదా, తర్వాతదా?

గంగ ఎగువ లోయ ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. సుమారు 24 × 29 సెంటీమీటర్లు, మందపాటి అట్టకు పూర్తిగా అంటించి ఉంది. కింది మూలలో నెగటివ్ మీదే గీసిన ‘బోర్న్’ అనే పేరు, పక్కనే నాలుగంకెల నంబరు. ఆంగ్లేయ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ 1866లో గంగోత్రి హిమానీనదం దాకా వెళ్లాడు కాబట్టి తీసింది ఆయనే అనుకుంటున్నా. నీళ్లు పాల నురగలా, ఆకాశం ఖాళీ కాగితంలా ఉన్నాయి. తడి కలోడియన్ ప్లేట్లతో (రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసే గాజు పలకలతో) అది మామూలే.

చిక్కల్లా ప్రింట్ తేదీతోనే. ఆయన 1870లో ఇండియా వదిలి వెళ్లాక కూడా ఆయన భాగస్వామిగా ఉన్న బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో ఆ నెగటివ్‌ల నుంచే ఏళ్ల తరబడి ప్రింట్లు వేసి అమ్మింది.

10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూశాను. అచ్చు చుక్కలు లేవు, కాగితం పీచు, సన్నటి పగుళ్లు కనిపించాయి. అంటే ఆల్బుమెన్ ప్రింటే, గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసేది. కానీ ఆ పద్ధతి 1890ల దాకా నడిచింది, కాబట్టి పెద్దగా తేలిందేమీ లేదు. వాటర్‌మార్క్ కోసం వెనక టార్చ్ పెడితే అట్ట మందానికి వెలుతురే రాలేదు. మ్యూజియం కేటలాగుల్లో ఫొటో తీసిన ఏడాదే ఇస్తున్నారు, ప్రింట్ వేసినది కాదు. ఆవిరి పట్టి ఊడదీయమని ఒకరన్నారు గానీ, నాకంత ధైర్యం లేదు.

అట్ట నుంచి విడదీయకుండా, ఈ ప్రింట్ 1870కి ముందు వేసిందో తర్వాత వేసిందో తేల్చాలంటే దేన్ని చూడాలి?